కెంచమ్మ గొళ్లెం

1961 నవంబరు 20, కార్తీక సోమవారం, రాత్రి తొమ్మిదిన్నర.

ఆ రాత్రి వేప్పనపల్లి పక్కన కెంచమ్మ వాలులో జరిగింది, మా అమ్మానాయన చెప్పినట్లే రాస్తున్నాను. దేవుడి దీపం ముందర కూర్చున్నాను, ఒక్క మాట కలపను.

ఆ వాలుకు చెడ్డపేరు. పద్దెనిమిదేండ్ల ముందు అక్కడ గుడిసెలో ఒంటిగా ఉండే కెంచమ్మ, మతి చెడి, వానలో బయటికి పరిగెత్తి ఏట్లో దూకేసిందంట. శవం దొరకలేదు. గుడిసెను పీకించేసినాను అని చెప్పినాడు నేల యజమాని శేషప్ప. అప్పటినుంచి వాన పడితే చాలు — నేల అడుగునుంచి ఎవరో తలుపు కొట్టినట్లు... టక్... టక్...

ఆ వాలునే శేషప్ప పన్నెండు ఇండ్ల సైట్లుగా కోసినాడు. అన్నీ కూలి చేసుకునే వాళ్లకే. నేల చూసి చెప్పమని మా నాయన మునియప్పను పిలిచినాడు. నాయన బావులు తవ్వే మనిషి. ఆ పనికి బదులు ఒక సైటు మాకు. సొంత ఇల్లు అనే మాట మా ఇంట్లో మొదటిసారి వినబడింది అప్పుడే.

నాయన మూరెడు గుంత తవ్వి, తీసిన మన్ను మళ్లా అందులోనే పోసినాడు. మన్ను మిగిలితే గట్టి నేల. చాలకపోతే ఇల్లు నిలవదు. రెండు గంపలు తక్కువైంది.

శేషప్ప నవ్వినాడు. "కెంచమ్మ తినిందిలే మునియప్పా! గుమ్మడికాయ కొట్టిస్తా, సరిపోతుంది. శుక్రవారం పునాదులకు ముగ్గు పోస్తా ఉండాము."

"నీళ్లు కూడా పోసి చూస్తానప్పా," అన్నాడు నాయన.

పొద్దు గూకినాక ఆ మన్ను ఎత్తేసి, గుంత నిండా నీళ్లు పోసినాడు. తెల్లారేటప్పటికి కొంచెమన్నా నిలవాల. మేకలు తాగెయ్యకుండా అక్కడే కాపలా కూర్చున్నాడు. మా అమ్మ పిల్లమ్మ, ఉపవాసం విడిచి, సంగటి తీసుకుని పోయింది.

వెన్నెల్లో గుంత చూస్తే — చుక్క నీళ్లు లేవు.

అప్పుడు... కింద నుంచి...

టక్. టక్. టక్.

"లేయ్, పోదాం," అన్నాడు నాయన గుసగుసగా.

అమ్మ కదల్లేదు. గుంత మీదికి వంగి, మెల్లిగా అడిగింది. "ఏమమ్మా కెంచమ్మా... దప్పికా తల్లీ?"

చెంబులో నీళ్లు వంచింది. గుంత అడుగు బొళుక్కున కిందికి దిగిపోయింది.

నాయన భయం ఆడనే ఆగిపోయింది. కింద డొల్ల ఉంటే వచ్చే ఆ చప్పుడు బావులోళ్లకు తెలుసు. పార తీసుకుని తవ్వినాడు. ఎర్రమన్ను మూరెడే. దాని కింద, వాననీళ్లు పారే వంకలో పూడ్చిన రాళ్లు, చెత్త, బోలు నేల. నీళ్లు ఆ సందుల్లో పరుగెత్తేకొద్దీ, ఏదో ఇనుము కొయ్యకు తగిలి... టక్... టక్...

నిలువెత్తు లోతులో చేతికి తగిలింది. తలుపు. చట్రంతో సహా.

"పీకించేసినా అన్నాడే," అన్నాడు నాయన.

అమ్మ వెన్నెల్లో తడిమి చూసింది.

"గొళ్లెం చూడు," అంది. "లోపలి నుంచి వేసుండాది."

బయటికి పరిగెత్తి ఏట్లో దూకిన మనిషి, లోపలి నుంచి గొళ్లెం ఎట్లా వేసుకుంటుంది?

పూడ్చిన వంక మీద గుడిసె వేయించింది శేషప్ప. ఆ వాన రాత్రి గుడిసెను నేల మింగేస్తే, పైన ఎర్రమన్ను కప్పించింది శేషప్ప. నిద్రలో పోయిన ఆడమనిషిని పిచ్చిదాన్ని చేసినాడు, దెయ్యాన్ని చేసినాడు. పన్నెండు ఇండ్ల పిల్లలను అదే మన్ను మీద పండబెట్టబోయినాడు. నేను ఎవరినీ తిట్టి ఎరగను. ఈ మాట రాసేటప్పుడు మాత్రం నా పండ్లు కరుచుకుంటున్నాయి.

పొద్దున్నే అమ్మ ఆ తలుపును కడిగి, పసుపు రాసి, కుంకం పెట్టింది. నాయన బండి మీదికి ఎత్తినాడు. సంగతి విని ఆ పన్నెండు సైట్ల వాళ్లూ వెనకాల నడిచినారు. శేషప్ప ఇంటి గడప ముందర దాన్ని నిలబెట్టినాము. ఇంక సైటు మాకెవరికీ రాదని అందరికీ తెలుసు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

అమ్మ గొళ్లెం పట్టుకుని కొట్టింది. టక్. టక్. టక్.

ఆయన తలుపు తీసేదాకా.