మోగని హారన్

"ఆపండ్రా!"

లారీ ఆగదు.

మెకానిక్ పరుగెడుతున్నాడు. గోడౌన్ గేటు దాటి, ఎర్రటి ఎండలో, ఒక కాలికి చెప్పు లేకుండా...

లారీ మీద సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి. నిన్న రివర్స్‌లో వస్తూ అతని తమ్ముణ్ణి గోడకేసి నొక్కేసింది అదే!

లోడింగ్ పని చేసే తమ్ముడు. ఇరవై ఆరేళ్ళు. ఇక లేడు.

"చూసుకోకుండా అడ్డం వచ్చాడు" అని సూపర్‌వైజర్ రిపోర్ట్ రాసేశాడు. ఇవాళ బండిని స్క్రాప్‌కి తరలిస్తున్నాడు. అది పోతే తప్పు తమ్ముడిదే అయిపోతుంది. ఎప్పటికీ!

పొద్దున మరదలు ఏడుస్తూ అడిగింది.

"బావగారూ, ఆయన అంత అజాగ్రత్త మనిషా?"

"కాదమ్మా. నేను తేలుస్తాగా."

వెంటనే పోలీసులకు ఫోన్ చేశాడు.

స్పీడ్ బ్రేకర్! లారీ నెమ్మదిస్తుంది.

దూకుతాడు. గొలుసు అందుతుంది. మోచెయ్యి చీరుకుపోతుంది. ఎక్కేశాడు!

లారీ ఆగుతుంది. క్యాబిన్‌లోంచి సూపర్‌వైజర్ దిగుతాడు.

"దిగు! పిచ్చెక్కిందా?"

"రివర్స్ హారన్ మోగలేదు. అందరూ అదే చెప్పారు. ఎవరు పీకేశారు?"

"ఆ హారన్ మూత తియ్యకు... నా మాట విను!"

స్క్రూలు ఊడతాయి. ఒకటి... రెండు... మూత చేతికొస్తుంది.

హారన్ వైరు కోసేసి ఉంది!

"దొరికావు!"

గోడౌన్‌కి వస్తున్న పోలీసు జీపు లారీని చూసి ఆగుతుంది.

అతను మళ్ళీ వైరు వంక చూస్తాడు. కొసకి నల్లటేపు. మూడు చుట్లు, చివర చిన్న మడత. తర్వాత సులువుగా విప్పుకోవడానికి అలా మడత పెట్టే మెకానిక్ ఆ గోడౌన్‌లో ఒక్కడే.

తనే!

ఎండాకాలం మొదట్లో... తమ్ముడే వచ్చాడు.

"అన్నా, రోజంతా ఆ కూతకి తల పగిలిపోతోంది. ఈ ఒక్కపూటకి తీసెయ్యవా?"

"సరేలే. రేపు కలిపేస్తా."

మర్నాడు ఇంకో బండికి బ్రేకులు పోయాయి. ఆ పనిలో పడి మర్చిపోయాడు. అంతే.

సూపర్‌వైజర్ గొంతు తగ్గిస్తాడు.

"నీ టేపు నాకు తెలీదా? నిన్ననే చూశా. ఆ ఇంటికి నువ్వు కూడా లేకుండా పోతావని... మూత బిగించెయ్. ఏమీ లేదని చెప్పు."

బిగిస్తే తను బయటపడతాడు. తప్పు తమ్ముడి మీదే ఉండిపోతుంది.

జీపు వెనక తలుపు తెరుచుకుంటుంది. ఇన్‌స్పెక్టర్ కంటే ముందు మరదలు దిగుతుంది. ఆశగా తలెత్తి చూస్తుంది.

"దొరికిందా బావగారూ?"

మూత వదిలేస్తాడు.

"దొరికిందమ్మా... వాడి తప్పేం లేదు. వైరు కోసింది నేనే!"