ఎమ్మిగనూరు రోడ్డులో కొత్త బండి

"గిడ్డయ్య పొద్దున చనిపోయినాడంట మేడం. నా మొగుని మీద సెక్షను మారుస్తారంట!"

అంజలి ఆదోనిలోని డిటెక్టివ్ మెహరున్నీసా ఆఫీసు గుమ్మంలోనే కూలబడింది. అసిస్టెంటు దేవదాసు ఫ్యాను ఆమె వైపు తిప్పాడు.

అంజలి భర్త సామ్సన్, పత్తి వ్యాపారి రఫీక్ కొత్త సరుకు బండికి డ్రైవరు. ముందురోజు సాయంత్రం ఎమ్మిగనూరు నుంచి వస్తూ ఆ బండి సైకిలు మీదున్న కూలీ గిడ్డయ్యను గుద్దింది. పోలీసులు వచ్చేసరికి సామ్సన్ తాగి, ఒళ్లు తెలియకుండా స్టీరింగు ముందు ఉన్నాడు.

"ఉత్తగా తాగి నడిపితే జరిమానా, లేదా ఆరు నెలల లోపు జైలు," అంది మెహరున్నీసా. "తాగి నడిపి ప్రాణం తీస్తే నరహత్య కేసు పెట్టొచ్చు. పదేళ్ల దాకా పడొచ్చు."

"ఆయప్ప నడపలేదు మేడం! పత్తి మూటల మీద పండుకున్నాడంట. పాత బండి డ్రైవరు బసన్నే తాపించినాడు. ఆయన్నడిగితే ఎమ్మిగనూరులోనే దిగిపోతి అంటాడు."

"సామ్సన్ కాళ్లకేముండె?"

"ఉత్త కాళ్లే. బూట్లు డ్రైవరు డోరు కింద, రోడ్డు మీద ఉన్నాయంట. లేసులు విప్పి, జతగా. షుగరు పుండు మేడం, బూట్లు లేకుండా అడుగు పెట్టడు."

మధ్యాహ్నం రఫీక్ పత్తి షెడ్డుకు అంజలితోపాటు ఎస్.ఐ.ని కూడా రప్పించింది మెహరున్నీసా.

"బసన్నా, ఆ పాత బండి రవ్వంత నీడకు జరుపప్పా."

బసన్న చెప్పులు డోరు కింద విడిచి, స్టీరింగును కళ్లకద్దుకుని జరిపాడు. దేవదాసు ఆ చెప్పుల వైపే చూశాడు.

"గుద్దినాక ఆ బూట్లు డోరు కిందికి ఎట్లొచ్చినాయి?" అంది మెహరున్నీసా. "నిలబడలేనోడు దిగి, లేసులు విప్పి, జతగా పెట్టి, మళ్లా ఎక్కుతాడా? మూటల మీద నుంచి ఇంకొకరు దించి, విప్పి, ఎక్కించినారు."

బసన్న నవ్వాడు. "చెప్పులు విడిచేది నేరమా మేడం?"

"కాదప్పా. వాణ్ణి జైలుకు పంపేటప్పుడు కూడా వాని బూటు కాళ్లు ఆ బండిలో పెట్టేది నువ్వు ఓర్చుకోలేకపోయినావు."

"నీ చూపు తగ్గిందని కదప్పా కొత్త బండి వానికిచ్చింది," అన్నాడు రఫీక్. "పాతదాన్ని కొడుకు మాదిరి చూసుకుంటివి. ఆ మాట నీ మొగాన చెప్పలేకపోతి."

బసన్న మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఎదురెండలో సైకిలు కంటికి ఆనలేదు మేడం. నేను తాగలేదు. గిడ్డయ్య నీళ్లడిగితే పోసినా. అంబులెన్సుకు చేద్దామని ఫోను తీసినా. సామ్సన్ వెనకాల గుర్రుపెట్టి నిద్రపోతాండాడు... నాకు రావాల్సిన బండిలో. ఫోను మళ్లా జేబులో పెట్టినా."

"అప్పుడే ఫోను చేసి ఆడనే నిలబడుంటే నీ మీద ఉత్త నిర్లక్ష్యం కేసే," అంది మెహరున్నీసా నెమ్మదిగా. "ఏమో, గిడ్డయ్య కూడా బతికేవాడేమో."

ఎస్.ఐ. లెమ్మన్నాడు. అంజలి బసన్నను తిట్టలేదు. గిడ్డయ్య ఇల్లు ఎక్కడని మాత్రం దేవదాసును అడిగింది.