షెడ్డులో తెల్లబట్ట

“అది జీపు కోసం తవ్విన గుంత కాదు, మనిషి కోసం తవ్వింది” అని పక్క తోట కాపలా చూసే రాహేలు పాలవాడితో అన్నదట. పాలవాడు ఆ మాటను నార్సింగి కూలీల అడ్డా దాకా మోసుకొచ్చి గోవిందప్ప మేస్త్రీ చెవిలో వేశాడు.

గోవిందప్ప పగలబడి నవ్వాడు. ఆ గుంత తవ్వింది తానే! తొమ్మిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు. పైన బండి నిలబెట్టి, కింద దిగి రిపేరు చేసుకోవడానికి. రాహేలుకు పొద్దుపోక అంటోంది అనుకున్నాడు.

నవ్విన నోరు మూతపడడానికి మూడు రోజులు పట్టింది…!

ఆదివారం. అమావాస్య. మిట్టమధ్యాహ్నం!

అర్ధరాత్రికి భయపడేవాళ్లు పట్నంవాళ్లు. మిట్టమధ్యాహ్నం దానికి తోబుట్టువని చెలకల్లో పెరిగినవాడికి తెలుసు. ఆ వేళ కాలమేఘాలు సూర్యబింబాన్ని కబళించాయి… దూరాన హైటెక్ సిటీ అద్దాల మేడలు కోరల్లా నిక్కి నిలబడ్డాయి… పట్టపగలు, ఇనుప రేకుల మీద వాలి గుడ్లగూబ కూసింది!

అవుటర్ రింగు రోడ్డుకు అవతల, ఎకరం చెలకలో ఒంటరిగా నిలిచి ఉందా షెడ్డు. నాలుగు జీపులు పట్టేంత పెద్దది. దాన్ని ఆనుకుని రెండు గదులు, వంటిల్లు. మధ్యలో ఒక తలుపు. పాత జీపులంటే ప్రాణం పెట్టే శ్యామ్ కట్టించుకున్నాడు. కాకినాడ మనిషి, పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం. కడుతుండగా గోడ రెండుసార్లు కూలింది. ఎవరో కంకాళయ్య అనే మంత్రగాణ్ణి తెచ్చిపెట్టారు. “ఈ నేల ఏడాదిలో యజమానిని మింగుతుంది” అన్నాడు వాడు. అంతే, శ్యామ్ కంటికి కునుకు లేదు.

గోవిందప్ప మాత్రం అంతకుముందే, ముగ్గు పోసిననాడే, ఈశాన్యాన ఒక రాయి నిలిపి పసుపు కుంకుమలు పెట్టి మైసమ్మకు మొక్కుకున్నాడు. ‘తల్లీ, కట్టేవాడు నీ బిడ్డ, చూసుకో’ అని. కూలిన గోడను మూడోసారి లేపితే నిలబడింది.

ఆ రోజు గుంత అంచుకు ఆఖరి పూత పూయడానికి కూతురు జయంతితో వచ్చాడు. చూస్తే… గుమ్మానికి మావిడాకుల తోరణం. పొయ్యి మీద పాలు పొంగిన మరక.

“నాయినా, అమాస అని గూడ చూడకుంట పొద్దుగాలనే పాలు పొంగిచ్చుకున్నరు. నీకు బట్టలు పెట్టకుంటనే” అంది జయంతి.

“పెద్దోళ్లు బిడ్డా. యాది మరిచినట్టుంది.”

“మనం యాది మరిస్తే గోడ వంకర పోతది. వాళ్లు మరిస్తే ఏం పోతది?”

గోవిందప్ప చేతిలోని తాపీని తిరగేసి చూసుకున్నాడు. పాలమూరు మేస్త్రీలకు తాతలనాటి మాట ఒకటుంది. పాలు పొంగే లోపే మేస్త్రీకి కొత్త బట్టలు పెట్టి, వాడి చేతి తాపీని యజమాని తన చేతిలోకి తీసుకోవాలి. అందాకా ఇల్లు కట్టినవాడిదే. ముప్పై ఏళ్లలో ఈ ముచ్చట తప్పిన ఇల్లు అతను చూడలేదు.

అంతలో ఎత్తిన షట్టరు కింద నుంచి కనబడింది. జీపు బానెట్ మీద మడత విప్పని కొత్త తెల్లబట్ట, నాలుగు కొసలకూ పసుపు. మనసు కుదుటపడింది. నా పంచె అక్కడుంది అనుకున్నాడు.

“మేస్త్రీ గారూ,” అన్నాడు శ్యామ్, చూపు ఎటో పెట్టి, “అమ్మాయిని ఒక్కసారి లోపలికి పంపండి. కంకాళయ్య స్వామి ముగ్గు వేయించమన్నారండి.”

జయంతి వెళ్లింది. వెనకే శ్యామ్ వెళ్లాడు.

షట్టరు ధడాలున పడింది!

మరుక్షణం… ఆ పొలాలన్నీ గడ్డకట్టేలా ఒక కేక! గోవిందప్ప గడ్డపార అందుకుని గదుల వైపు పరుగెత్తాడు. తాను బిగించిన మధ్య తలుపును తానే మూడు పోట్లతో పగలగొట్టాడు.

లోపల గుంత చుట్టూ చమురు దీపాలు… గుంత నడిమధ్య సిందూరం పూసిన పుర్రె… నల్లబట్ట కట్టిన కంకాళయ్య చేతిలో కొడవలి! జయంతి జుట్టు విరబోసుకుని, కనుపాపలు పైకి తేలి, పళ్లు పటపట కొరుకుతోంది. ఆమె పాదాలు నేలను తాకడం లేదు!

“నా బిడ్డను వదులు” అంటూ గడ్డపార ఎత్తాడు.

కంకాళయ్య ఒక్క బీజాక్షరం ఉచ్చరించాడు. కదిలింది వాడు కాదు… జయంతి! కన్నతండ్రి గొంతు పట్టి, గోనెసంచిలా గోడకేసి విసిరికొట్టింది. పక్కటెముకలు ఫెళ్లుమన్నాయి, ఒక చేయి విరిగి వేలాడింది. నోట్లో నెత్తురు ఉప్పగా ఊరింది. పొద్దున ఇదే చేత్తో సద్ది కలిపి పెట్టింది…!

“యజమానీ, మాట చెప్పు” అని గర్జించాడు మాంత్రికుడు. “నీ మాట పడితేనే ఈ పుర్రెలోని ప్రేతం రక్తం ముడుతుంది. ఆ తరవాత నీకు నూరేళ్లు!”

శ్యామ్ కళ్లు మూసుకున్నాడు. “ఈ… ఈ ఇల్లు నాది. ఈ కన్యను… నా ఇంట్లో బలి ఇస్తున్నాను.”

కొడవలి లేచింది… గాలిలోనే ఆగిపోయింది!

ఆకాశం బద్దలైనట్టు ఉరిమింది. ఈశాన్య మూలనుంచి పసుపు వాసన భగ్గున లోపలికి కమ్మింది. జయంతి కంఠంలోంచి వచ్చింది జయంతి గొంతు కాదు, ప్రేతం గొంతూ కాదు… భూగర్భాన్ని చీల్చుకొచ్చినట్టున్న తల్లి గొంతు!

“ఎవరి ఇల్లురా ఇది?”

గోవిందప్పకు అర్థమైంది. వేలాడుతున్న చేయి పట్టుకుని, గోడ ఆసరాతో లేచాడు.

“నాది తల్లీ. నాకు బట్టలు పెట్టలే, నా తాపీ తీసుకోలే. నా ఇంట్ల బలికి నేను ఒప్పుకోను.”

అంతే…! గుంతలోని పుర్రె గిర్రున తిరిగింది. యజమాని కానివాడి మాట మీద పిలిస్తే ప్రేతం ఎవరిని తింటుంది? పిలిచినవాణ్ణే! అది ఎగిరి కంకాళయ్య మణికట్టును కరకర కొరికింది. కొడవలి జారింది. ఇంజన్లు ఎత్తే గొలుసు దూలం మీదనుంచి నాగుపాములా దిగి వాడి మెడకు చుట్టుకుంది! వాడు జపించిన మంత్రాలే రక్తపు బుడగలై వాడి నోట పగిలాయి. కాళ్లు తన్నుకుంటుండగా గుంతలోకి ఈడ్చుకుపోయింది. ఐదడుగుల గుంతలోంచి ఐదు నిలువుల లోతున అరిచినట్టు ఒక అరుపు… మరొకటి… తరవాత ఎముకలు నలిగే చప్పుడు.

దీపాలన్నీ ఒక్కసారే ఆరాయి.

వాన మొదలైంది. గోవిందప్ప పాక్కుంటూ వెళ్లి కూతురి తలను ఒడిలోకి తీసుకున్నాడు. ఆమె కళ్లు తెరిచింది. “నాయినా, నీ చెయ్యి ఏమైంది?” అంది.

“ఏం కాలే బిడ్డా. పరంజా మీదికెల్లి పడ్డ.”

గుంత వైపు చూడలేక శ్యామ్ బానెట్ మీది తెల్లబట్ట తెచ్చాడు. రెండు చేతులా పట్టుకుని గోవిందప్ప ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“తీసుకోండి మేస్త్రీ గారూ. ఆ తాపీ ఇటివ్వండి. బట్టలు పెట్టినట్టే కదండీ?”

గోవిందప్ప చెయ్యి చాపలేదు. జయంతి మెల్లగా లేచి కూర్చుని, ఆ బట్ట వంక చూసింది. తాను కేక పెట్టకముందు కంకాళయ్య దాని గురించి అన్న మాట ఆమెకు గుర్తుంది.

“అది నా శవం మీద కప్పనీకి తెచ్చినవు గద సారూ.”