పంతొమ్మిదో అంతస్తు వాసన

మూడో చీజ్ మీది గాజు మూత ఎత్తబోతూ నీలవేణి ఒకసారి గుమ్మం పైకి చూసింది. అక్కడ అగ్గిపెట్టెంత తెల్ల పెట్టె ఒకటి ఆకుపచ్చ లైటుతో మిణుకుమంటోంది.

విశాఖ తీరంలోని ఆ ముప్పై అంతస్తుల టవర్‌లో ప్రతి ఇంటికీ ఆ పెట్టె ఉంది. పేరు ‘నాసిక’. మన ముక్కు చేసే పనే అదీ చేస్తుంది. గాలిలో తేలే అణువులు లోపలి సెన్సార్లకు తగలగానే, ఏది ఎంత ఉందో లెక్కగట్టి, ఆ వాసన దేనిదో పోల్చుకుంటుంది. అసోసియేషన్ నిషేధించిన వాసనైతే లైటు ఎర్రబడుతుంది. ఇంట్లోకి మల్లెపూల సెంటు చిమ్ముతుంది. లిఫ్టుల్లో ఫ్లాట్ నంబరు చదివి వినిపిస్తుంది. ఒకే నంబరు మూడుసార్లు వినిపిస్తే ఆ ఇంటివాళ్ళు ఖాళీ చేయాల్సిందే.

నీలవేణి నంబరు ఇప్పటికే రెండుసార్లు వినిపించింది. రెండోసారి, భీమిలి నుంచి వచ్చిన మేనత్త ఎండు నెత్తళ్ళ చేపలు వేయిస్తోంది. నెత్తిమీద సెంటు పడేసరికి ఆవిడ బిత్తరపోయి, “నేనేం తప్పు చేశానే అమ్మా?” అంది. కాలేజీలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పే నీలవేణి తువ్వాలు తెచ్చి ఆవిడ తల తుడిచింది.

మర్నాడు అసోసియేషన్ అధ్యక్షుడు భుజంగరావును అడిగితే ఆయన నవ్వాడు. “నాసికకు కులం లేదు, మతం లేదు, పక్షపాతం లేదు మేడమ్. అది చెప్పిందే ఆఖరి మాట.”

“ఎవరింట్లోనైనానా?”

“ఎవరింట్లోనైనా.”

ఆ మాటను పరీక్షించడానికే నీలవేణి ఈ చీజ్, వైన్ విందు పెట్టింది. కమిటీ వాళ్ళందరినీ పిలిచింది. నాసికను తయారుచేసిన డాక్టర్ తారకేశ్వర్ అదే టవర్‌లో ఉంటాడు కనుక ఆయన్నీ పిలిచింది.

భుజంగరావు గ్లాసు తిప్పుతూ, వైన్ ఎలా వాసన చూడాలో అందరికీ నేర్పుతున్నాడు. “ఇదీ క్లాస్ అంటే! మన టవర్‌లో జరగాల్సినవి ఇలాంటి పార్టీలు.” ఆయన భార్య శేషారత్నం మాత్రం ఇంకో చీజ్ ముక్క అందుకుంటూ, “కాస్త పులిసిన జున్నులా ఉంది, బాగుంది” అంది.

“అసలైనది ఇప్పుడొస్తోంది,” అని నీలవేణి మూత ఎత్తింది. ఉప్పునీళ్ళతో కడుగుతూ నెలల తరబడి మాగబెట్టిన నారింజరంగు చీజ్. ఘాటుగా గుప్పుమంది.

“అద్భుతం!” అన్నాడు భుజంగరావు, పెద్ద ముక్క నోట్లో పెట్టుకుంటూ.

లైటు ఎర్రబడింది. బుస్సుమని మల్లెల సెంటు వైన్ గ్లాసుల్లో పడింది. బయట లిఫ్టు గొంతు వినిపించింది: “ఫ్లాట్ పంతొమ్మిది సున్నా నాలుగు. నిషిద్ధ వాసన. ఎండుచేప.”

భుజంగరావు నమలడం ఆపేశాడు.

“మెషీన్ పాడైంది,” అన్నాడు చివరికి.

“పాడవలేదండీ,” అన్నాడు తారకేశ్వర్, కళ్ళజోడు తుడుచుకుంటూ. “పాలలో అయినా చేపలో అయినా ప్రోటీన్‌ను బాక్టీరియా విరగ్గొడితే దాదాపు అవే అణువులు పుడతాయి. పుట్టిల్లు ఏదో నాసికకు తెలీదు.”

“మరి ఇది నాకు మూడోసారి. ఇల్లు ఖాళీ చేస్తాను,” అంది నీలవేణి. “కానీ ఏం తిని ఖాళీ చేస్తున్నానో నోటీసులో రాయండి. ఎవరెవరు తిన్నారో కూడా.”

“అబ్బే, చీజ్‌ను మినహాయిద్దాం. డాక్టర్ గారూ, సరిచేయండి.”

“ఆ అణువుల్ని వదిలేయమని చెప్పగలను. అప్పుడు ఎండుచేపా దాటిపోతుంది. లేదంటే వాటినసలే సహించవద్దని చెప్పాలి. మధ్యేమార్గం లేదండీ.”

భుజంగరావు నీలవేణి వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆయన మొహం కందగడ్డయింది. “అయితే చీజ్ కూడా నిషేధం! ఇంకా గట్టిగా బిగించండి. ఈవిడ నోటీసు తర్వాత చూద్దాం.”

“వద్దండీ, చాలా దూరం పోతుంది,” అన్నాడు డాక్టర్. ఎవరూ వినలేదు.

బిగించిన నాసిక మర్నాడే పని మొదలుపెట్టింది. నాలుగో అంతస్తులో పులిసిన ఇడ్లీ పిండిని పట్టుకుంది. పన్నెండులో వెల్లుల్లి పోపును పట్టుకుంది. భుజంగరావు ఇంట్లో ఇంగువ చారు కాగినప్పుడల్లా ఆయన నంబరు టవరంతా మార్మోగింది. మూడు దాటినా అధ్యక్షుడికి నోటీసు ఇచ్చే ధైర్యం ఎవరికీ లేదు. నాలుగోసారి సెంటు చారు గిన్నెలో పడేసరికి శేషారత్నం స్టూలెక్కి పెట్టెను పీకి, భర్త చేతిలో పెట్టింది. “మీ పక్షపాతం లేని మెషీను! ఇదే తాగండి.”

ఆ వారమే సర్వసభ్య సమావేశం జరిగింది. ఖాళీ చేయించే రూలు రద్దయింది. పెట్టెలు తీసేయమని తీర్మానం చేశారు. తారకేశ్వర్ స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఆఖరున నీలవేణి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

“నాది ఉండనివ్వండి,” అందామె.

“ఎందుకమ్మా? మళ్ళీ మోగుతుంది.”

“మోగనివ్వండి. ఆ సెంటు గొట్టం మాత్రం ఊడదీసి పట్టుకెళ్ళండి.”

ఆదివారం పొయ్యిమీద నెత్తళ్ళ పులుసు పెట్టి, చింతపండు చాల్లేదని నీలవేణి కిందికి బయల్దేరింది. లిఫ్టు నిండా మనుషులు. తలుపులు మూసుకోగానే ఆ గొంతు అందుకుంది: “ఫ్లాట్ పంతొమ్మిది సున్నా నాలుగు. నిషిద్ధ వాసన. ఎండుచేప.”

మూలనున్న భుజంగరావు చేయి ముక్కు మూసుకోవడానికి అలవాటుగా జేబులోని రుమాలు మీదికి పోయింది. నీలవేణి ఆయన వైపు తిరిగి నిలబడింది.

“నాదేనండీ,” అంది.

ఆయన రుమాలు బయటికి తీయలేదు.