పూలున్నప్పుడు అన్న మాట

"చెట్టు వేళ్ళమీద కూర్చున్నారు. లేవండి."

మార్చి ఇరవై ఆరు, ఉదయం ఏడు గంటలు. నగోయాలో నది ఒడ్డు పార్కులో సాయంత్రం విందులకి అప్పుడే చోట్లు పట్టేస్తున్నారు. అన్నిటికంటే పెద్ద చెర్రీ చెట్టు మొదట్లో నీలం పట్టా పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, ఒళ్ళో లాప్‌టాప్‌తో ఒక యువకుడు కూర్చున్నాడు. లేవమన్నది ఒకుమురా మినోరి. ఆ పార్కులో చెట్ల పని చూసే ఉద్యోగిని. ఇరవై ఏడేళ్ళు, నడుముకి కత్తెర, మొహంలో నవ్వన్నది లేదు.

అతను తెల్లవారుజామున వచ్చి సంపాదించిన చోటని మర్యాదగానే చెప్పుకున్నాడు. నలభై మంది ఒక్క సాయంత్రం తొక్కితే మూడేళ్ళకి ఒక కొమ్మ ఎండుతుందని ఆమె అంతకంటే మర్యాదగా చెప్పింది. అతను ఒకసారి పైకి చూసి, రాళ్ళు తీసి పట్టాని అవతలికి లాక్కున్నాడు.

ఇంత తేలిగ్గా విన్నవాడు లేడు కనుక, విందు ఎవరికని అడిగింది.

"నాకేనండి. వీడ్కోలు విందు. ముప్పై ఒకటిన ఉత్తరాన సప్పోరోకి బదిలీ."

"మీ వీడ్కోలుకి మీరే చోటు కాయడమేమిటి?"

"సెక్షన్లో అందరికంటే చిన్నవాణ్ణి. చోటు కాసేది చిన్నవాడే. ముప్పై ఒకటి దాకా చిన్నవాణ్ణే కదండీ."

మినోరికి నవ్వొచ్చింది. కొమ్మలు పరీక్షిస్తున్నట్టు అటు తిరిగింది.

అతని పేరు ఉరాబే కెయిజి. మర్నాడు కూడా అక్కడే ఉన్నాడు. ఇవాళ పక్క సెక్షన్ వాళ్ళ కోసమన్నాడు. ఆ మర్నాడు ఇంకెవరి కోసమో అన్నాడు. సామాన్లు సర్దుకోవడానికిచ్చిన సెలవులు ఇలా చోటు కాయడానికి సరిపోతున్నాయని ఆమె జాలిపడింది. ఈలోగా అతను వచ్చేవాళ్ళందరికీ వేళ్ళు ఎంతదూరం పాకుతాయో చెప్పి పట్టాలు జరిపించడం మొదలుపెట్టాడు. ఆమె చెబితే మొహం ముడుచుకునే ముసలమ్మలు అతను చెబితే నవ్వుతూ జరిగారు. మినోరికి కొంచెం కోపం కూడా వచ్చింది.

పూలు ఎప్పుడు రాలతాయా, ఈ జనం ఎప్పుడు పోతారా, నా చెట్లు నాకెప్పుడు మిగులుతాయా అని ఏటా ఎదురుచూసేది ఆమె. ఈసారి ఇరవై తొమ్మిదో తేదీ రాత్రి వాతావరణ వార్తల్లో గాలివాన అని వినగానే గుండె జారింది. పూల కోసం కాదు. ఇంకా రెండు రోజులే ఉన్నాయి. తనతో చెట్ల గురించి తప్ప మరో మాట మాట్లాడని మనిషి ఆ తర్వాత కనిపించడు.

ముప్పైన వాన పడింది. పార్కులో పిట్ట లేదు. పెద్ద చెట్టుకి అవతల, గొడుగు కింద, నీలం పట్టా మీద కెయిజి ఒక్కడే కూర్చున్నాడు.

"ఈ వానలో ఏ సెక్షన్ వాళ్ళు వస్తారండీ?"

"ఎవరూ రారు. మొదటి రోజుతోనే విందులు అయిపోయాయి."

"మరి ఈ చోటు?"

"రోజూ ఏడింటికి ఒకావిడ వచ్చి తప్పులు పట్టి వెళ్తారు. ఒక్కరోజయినా కూర్చుంటారేమోనని."

కూర్చోవాలనే ఉంది. కానీ ఎనిమిది వసంతాలుగా ఈ చెట్ల కింద ఒట్లు పెట్టుకునేవాళ్ళని, ఆకులొచ్చాక ఒంటరిగా వచ్చి కూర్చునేవాళ్ళని చూసింది ఆమె.

"పూలున్న పది రోజుల్లో ఎవరైనా ఏమైనా అంటారు," అంది. "సెప్టెంబరులో రండి. గొంగళిపురుగులు మెడమీద రాలుతుంటాయి. అప్పుడనండి."

కెయిజి పోట్లాడితే బాగుండేది. "న్యాయమే," అని తలూపాడు. తన కార్డు మీద పాత చిరునామా కొట్టేసి సప్పోరోది రాశాడు. రెండు చేతులా ఇచ్చి, పట్టా మడుచుకుని వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ గడిచిపోతోంది. మినోరి ఉత్తరం రాయలేదు, ఫోను చేయలేదు. సెలవుదినాల్లో ఇంట్లో తొట్టి మొక్కలన్నిటినీ కత్తిరించింది. ఒకరోజు తల్లి ఆమె ముందు ముడతలు పడ్డ కార్డొకటి పెట్టింది.

"పనిచొక్కా జేబులో దొరికింది. ఒకసారి ఉతుకుడైపోయింది, ఇంకోసారయితే చిరునామా పోతుంది," అంది తల్లి. "ఇంట్లో కత్తిరించడానికి ఇక నా జుట్టే మిగిలిందమ్మాయ్. మే సెలవులకి ఎటయినా వెళ్ళిరా."

మంచుకి విరిగిన కొమ్మలకి ఉత్తరాదివాళ్ళు ఎలా వైద్యం చేస్తారో చూడడానికి వస్తున్నానని కెయిజికి రాసింది మినోరి.

చలి ఆలస్యంగా వదిలే సప్పోరోలో మే మొదటివారానికి చెర్రీలు నిండా పూచి ఉన్నాయి. చెట్ల కింద జనం గొర్రెమాంసం కాల్చుకుంటున్నారు. కెయిజి పార్కు తోటమాలుల్ని ముందే అడిగి, విరిగిన కొమ్మలున్న చెట్లన్నీ కాగితం మీద రాసుకుని వచ్చాడు. ఒక్కొక్కటే శ్రద్ధగా చూపించాడు. ఏ గాయానికి ఏ మందు పూశారో, కట్టు ఎప్పుడు విప్పుతారో చెప్పాడు. ప్రయాణం ఎలా జరిగిందని తప్ప ఇంకేమీ అడగలేదు. పదకొండో చెట్టు దగ్గర మినోరికి ఓపిక చచ్చింది.

"ఉరాబే గారూ, నేను కొమ్మల కోసం రాలేదు."

అతను కాగితం దించి పైకి చూశాడు.

"పూలున్నాయండీ. మీ లెక్కలో ఇప్పుడేమన్నా చెల్లదు. సెప్టెంబరుకి నగోయా టిక్కెట్టు తీసేసుకున్నాను కూడా."

"ఆ గడువు మీకు పెట్టింది. నాకు నేను పెట్టుకోలేదు." ఆమె ఆగలేదు. "మీరంటే నాకిష్టం. ఆ రోజు వానలో మీ పక్కన కూర్చోవలసింది. కూర్చోలేదని నెలరోజులుగా ఏడుపొస్తోంది."

కెయిజి కాగితాన్ని మడిచాడు. మళ్ళీ విప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకొక్కసారి అంటారా?"

"సెప్టెంబరులో," అంది మినోరి. అతని చేతిలోంచి కాగితం లాగేసి తన జేబులో పెట్టుకుంది. "ముందు అన్నం సంగతి చూడండి. పొద్దుటినుంచి ఏమీ తినలేదు నేను."