మేనత్త ఒళ్లో పొట్లం

బస్సు చెరకు తోటల మలుపులో మాయమవుతుంది...

"ఇంకా స్పీడు."

"ఇంతకంటే పోదక్కా. పోతే మనమే పోతాం" అంటాడు ముగెర్వా, కిరాయి మోటారుసైకిలు మీద వంగి.

వెనక కూర్చున్న నబ్బోసా ఒళ్లో వేయించిన మిడతల బుట్ట. సగం రోడ్డుపాలైంది. ఆమె పట్టించుకోదు.

ఇందాక లుగాజి బస్టాండులో ఆ బస్సు కిటికీ దగ్గరే అమ్మింది. నీలం గౌను ఆవిడ ఒక పొట్లం కొంది. పక్కన పదిహేనేళ్ల పిల్ల.

"నీకొద్దా అమ్మడూ?"

"మాది మిడతల వంశం. వంశపు జంతువుని తినకూడదు."

"ఈవిడెవరు?"

"మా మేనత్త. నైరోబీలో పని ఇప్పిస్తానంది."

బస్సు కదిలాక తట్టింది నబ్బోసాకి. మేనత్తంటే నాన్న తోబుట్టువు. ఆవిడదీ అదే వంశం, పెళ్లయినా మారదు. మరి ఆవిడ కరకరా నమిలేసింది!

మూడేళ్ల కిందట నబ్బోసా చెల్లెలూ ఇలాగే ఎవరో 'చుట్టం'తో వెళ్లింది. మళ్లీ కబురు లేదు. అప్పుడు ఏడ్చింది. ఇప్పుడు ఏడుపు లేదు, భయమూ లేదు. మనసు మొద్దుబారిపోయింది.

నజ్జెంబె, బస్సులు తిండికి ఆగే చోటు. కోళ్లు కాల్చే పొగ. బస్సు ఆగి ఉంది!

నబ్బోసా ఎక్కేస్తుంది.

"అమ్మగారూ, మీదే వంశం?"

నీలం గౌను నవ్వుతుంది. "నీకెందుకమ్మా? నీ బేరం చూసుకో."

"మాది మిడతల వంశమేగా అత్తా" అంటుంది పిల్ల.

"మరి మీ అత్త ఒళ్లో పొట్లం ఏంటి?"

పిల్ల తడబడుతుంది. "పట్నంలో పట్టింపుల్లేవంది..."

ముందు సీట్ల వాళ్లు వెనక్కి తిరుగుతారు.

"నలభై ఏళ్లు పట్నంలోనే ఉన్నా. మా వంశపు జంతువుని నేనెన్నడూ తినలేదు" అంటూ ఓ ముసలాయన లేస్తాడు. "కండక్టరూ, తలుపెయ్యి. పోలీసులకి ఫోన్ చెయ్యి."

నీలం గౌను కిటికీలోంచి దూకేస్తుంది! ముగెర్వా వెంటపడతాడు. ఆమె చేతిసంచి సీట్లోనే ఉండిపోయింది.

"నీ పేరేంటమ్మా?" అడుగుతుంది నబ్బోసా.

"రెస్టీ. మా నాన్నకి చెప్పండి... పాపం, ఆయన్నీ మోసం చేసింది."

సంచిలో ఫోన్ మోగుతుంది.

నబ్బోసా తీసి చెవికి పెట్టుకుంటుంది. మాట్లాడదు.

"బోర్డర్ దాటేశారా?" మగ గొంతు. "మేనత్తవని నేను చెప్పగానే నమ్మేసింది నా కూతురు. దారిలో నాకు మాత్రం ఫోన్ చెయ్యనివ్వకు."

నబ్బోసా ఫోన్ కట్ చేస్తుంది.

"ఎవరు? నాన్నేనా?" రెస్టీ చెయ్యి చాపుతుంది. "ఇటివ్వండి, మాట్లాడతాను."

"రాంగ్ నంబరమ్మా" అంటుంది నబ్బోసా.