బుడిపె మెడ

డాక్టర్ బాలసుందరాన్ని పొద్దున ఏడున్నరకి, షోళింగనల్లూరులో తన ల్యాబ్ మెట్ల మీదే కాల్చేశారు. ఎనిమిదింటికల్లా ల్యాబ్ సర్వర్లన్నీ ఖాళీ. తొమ్మిదింటికి ఏజెంట్ మోహన్‌రాజ్‌కి ఫోన్ మోగింది.

"ఆయన ఫార్ములా ఒకే ఒక్క కాపీ మిగిలింది. విదేశీ ముఠా దగ్గరుంది," అన్నాడు చీఫ్ సీతారామారావు. "వాళ్లలో మన మనిషి కార్తీక. డ్రైవ్ కొట్టేసి నీకిస్తుంది. కోడ్ వర్డ్, 'సాంబార్ వేరుగా'. కుదిరితే తీసుకురా. లేకపోతే పగలగొట్టు. అది దేశం దాటకూడదు. అర్థమైందా?"

అర్థం కాకేం! అందులో ఏముందో చీఫ్ కన్నా మోహన్‌రాజ్‌కే బాగా తెలుసు. అతని భార్య కనకవల్లికి నలభై ఎనిమిదేళ్లకే మతిమరుపు ముదిరింది. ఆమెకి మందిస్తున్నది బాలసుందరమే. న్యూరాన్ కొమ్మల మీద పుట్టగొడుగుల్లాంటి బుడిపెలుంటాయనీ, ఆ బుడిపె మెడ సన్నగా ఉంటే లోపలికొచ్చిన కాల్షియం కాసేపు అక్కడే నిలిచి జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందనీ, మెడ లావైతే జారిపోతుందనీ ఆయన బొమ్మలు గీసి మరీ చెప్పాడు. మూతి ఇరుకు చెంబులో నీళ్లు తొందరగా ఒలకవు, అంతే. ఆయన మందు ఆ మెడల్ని సన్నబరుస్తుంది. ఫార్ములా తిరగేస్తే లావెక్కుతాయి. ఇక సాక్షులకైనా సైనికులకైనా నిన్నటి సంగతి గుర్తుండదు. ముఠాకి కావలసింది అదే. కనకవల్లికి కావలసింది వచ్చే నెల డోసు.

పదింటికి, ఫుడ్ డెలివరీ టీషర్ట్‌లో పొట్ట బిగబట్టుకుని, మోహన్‌రాజ్ ఒక అపార్ట్‌మెంట్ తొమ్మిదో అంతస్తులో బెల్ కొట్టాడు. కార్తీక తలుపు తీసింది. పట్టుచీర, పెదాలకి ఎర్రరంగు. ఆరేళ్లయినా అదే అందం, పాపిష్టిది.

"సాంబార్ వేరుగానే గదా?"

"వేరుగానే మేడమ్."

పార్సిల్ అందుకోకుండానే అతని జేబులో పెన్‌డ్రైవ్ పడేసింది. "బిన్నా పో అన్నా, ఆలస్యం చేయకు."

లిఫ్ట్‌లో ఫోన్‌కి తగిలించి చూశాడు. మొదటి బొమ్మలో బుడిపె మెడ దారమంత సన్నం. పక్కనున్న గ్రాఫ్‌లో కాల్షియం రెప్పపాటులో మాయం. అదెలా కుదురుతుంది? బాలసుందరం నిద్రలో కూడా ఇలాంటి తప్పు చేయడు. ఎవడో బొమ్మ ఒకచోటి నుంచి, గ్రాఫ్ ఇంకోచోటి నుంచి తెచ్చి అతికించాడు. అంటే ఇది నకిలీ, అసలు కాపీ పైన కార్తీక దగ్గరే ఉంది.

తలుపు తన్నుకుని వెళ్లేసరికి టేబుల్ మీద అరచేతిలో పట్టేంత నల్లపెట్టె. సిమ్ అందులోనే, బ్యాటరీ అందులోనే, ఆపే మీట మాత్రం లేదు. ఫైల్ విదేశానికి పోతోంది, తెర మీద తొంభై ఒకటి శాతం. నూరయితేనే అవతల ఫైల్ తెరుచుకుంటుంది.

"కనిపెట్టేస్తివా?" కార్తీక పిస్టల్ ఎత్తింది.

అతను విసిరిన పార్సిల్ పగిలి, పొగలు కక్కే సాంబార్ ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ అతని చేతికొచ్చింది. తొంభై ఆరు.

"ఆగన్నా! దాన్ని పగలగొడితే కనకక్క గతేమి? ఉండేది ఒకటే కాపీ. నూరైనంక నువ్వే ఎత్తుకో. అక్కకి మందు, వాళ్లకి ఫార్ములా." చేయి పట్టుకుని ఏడుస్తోంది. "నన్ను ఆ ముఠాలోకి తోసి ఆరేండ్లాయె. ఎట్లుండావని ఒక్కరన్నా అడిగిరా?"

అడగలేదు. తొంభై ఎనిమిది.

ఆ పొద్దున కాఫీ ఇస్తూ కనకవల్లి, "నీకు చక్కెర తక్కువ గదా," అంది. ఎనిమిది నెలల తర్వాత ఆమెకి గుర్తొచ్చిన మాట అది. ఆనందం పట్టలేక, కాఫీ అయిపోయినా అతను గ్లాసు కింద పెట్టలేదు.

తొంభై తొమ్మిది.

పిస్టల్ పిడితో పెట్టెని కొట్టాడు. తెర నల్లబడింది. అయినా కొడుతూనే ఉన్నాడు, ముక్కలు నేలంతా చిందేదాకా. చీఫ్‌నీ, దేశాన్నీ, తననీ బండబూతులు తిట్టుకున్నాడు.

కార్తీకని అరెస్టు చేసి తీసుకుపోయాక చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్ మోహన్‌రాజ్! ఈ సంగతి మూడో మనిషికి తెలియకూడదు. ఇంట్లో కూడా చెప్పకు."

"చెప్తే ఏం సార్," అన్నాడు మోహన్‌రాజ్. "ఇంకో రెండు నెలలకి ఆమెకి నేనే గుర్తుండను, మీ ఆపరేషన్ యాడ గుర్తుంటుంది?"